ఈ మాస్కుకి ఆది ఎవరి మొహం?

జాకెట్టు కుట్టించుకునే ప్రతి స్త్రీకీ తెలిసిన మాట ఒకటుంది. ఆది. కొత్త గుడ్డతో పాటు ఆది జాకెట్టు కూడా ఇస్తాం. చంక దగ్గర కాస్త వదులు పెట్టమంటాం, భుజం దగ్గర అర అంగుళం తగ్గించమంటాం. తీరా కుట్టింది పట్టకపోతే మళ్ళీ టైలరు దగ్గరికే పట్టుకెళ్ళి ‘ఆది ఇచ్చాను కదా’ అని గట్టిగానే అడుగుతాం. అంతే తప్ప, కుట్టిన జాకెట్టు సరైనదే, నా భుజాలే తప్పుగా ఉన్నాయని ఎవరూ అనుకోరు.

మరి ఊపిరితిత్తుల్ని కాపాడాల్సిన మాస్కు విషయంలో మాత్రం ఈ తెలివి ఏమైపోతోంది? ముక్కు పక్కన సందు ఉంటే ‘నీ ముక్కు చిన్నది’ అంటారు. గడ్డం కింద జారిపోతుంటే ‘నీ మొహం సన్నం’ అంటారు. కళ్ళజోడు మసకబారుతోందంటే ‘నీకు పెట్టుకోవడం రాలేదు’ అంటారు. మనమూ తల ఊపి, పిన్నీసు తెచ్చుకుని, రబ్బరు బ్యాండు తెచ్చుకుని, రెండు చెవుల తాళ్ళకీ ముడేసుకుని సర్దుకుంటాం. నేను చెప్పదలచుకున్నది ఒకటే. మాస్కు పట్టకపోవడం మొహం తప్పు కాదు. అది ఆది తప్పు. ఆ తప్పు ఎవరు చేశారో వాళ్ళనే నిలదీయాలి.

ముందు విషయం ఏమిటో చూద్దాం. ఎన్95 అంటే, అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1995లో పెట్టిన నియమాల ప్రకారం, పరీక్షలో వాడే దాదాపు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపే పొర. జల్లెడ ఆపినట్టు మాత్రమే ఆపదది. ఆ పొర దారాల్లో స్థిరవిద్యుత్తు ఉంటుంది, కణాల్ని లాక్కుని పట్టేసుకుంటుంది. అంతా బానే ఉంది. కానీ గాలికి లోకజ్ఞానం ఎక్కువ. నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు అది అడ్డంకి తక్కువున్న దారినే వెతుక్కుంటుంది. దట్టమైన పొరలోంచి వెళ్ళడం కంటే ముక్కు పక్కన ఉన్న సందులోంచి దూరడం దానికి సుఖం. ఒక్క సందు చాలు, ఆ 95 కాగితం మీది అంకెగా మిగిలిపోవడానికి. కాబట్టి మాస్కు సగం పని పొరది అయితే మిగతా సగం అంచుది. మొహానికి అంచు చుట్టూరా అతుక్కోవాలి.

ఇక్కడే అసలు సంగతి ఉంది. 1995 నాటి ఆ ధృవీకరణ నియమాల్లో పొర ఎంత వడకడుతుందనే పరీక్ష ఉంది, ఊపిరి తీయడానికి ఎంత బలం కావాలనే పరీక్ష ఉంది. మనిషి మొహానికి అతుకుతుందా లేదా అనే పరీక్ష లేదు. ఆ పని యజమానికి వదిలేశారు. అమెరికాలో 1998 నాటి కార్మిక భద్రతా నియమం ప్రకారం, ఇలాంటి మాస్కు పెట్టుకుని పనిచెయ్యాల్సిన ప్రతి ఒక్కరికీ యజమాని తన ఖర్చుతో ఏడాదికోసారి ‘ఫిట్ టెస్ట్’ చేయించాలి. రకరకాల మోడళ్ళు, సైజులు ముందు పెట్టి పట్టేదాన్ని ఎంచుకోనివ్వాలి. ఆ పరీక్ష పెద్ద విడ్డూరమేమీ కాదు. మాస్కు పెట్టుకున్న మనిషి తలమీద ఒక హుడ్ తొడిగి, అందులోకి తీపి ద్రావణమో చేదు ద్రావణమో తుంపరగా కొడతారు. తల అటూ ఇటూ తిప్పమంటారు, పైకీ కిందకీ చూడమంటారు, వంగమంటారు, గట్టిగా చదవమంటారు. నాలుకకి రుచి తగిలిందా, మాస్కు లీకవుతున్నట్టు. అప్పుడు ఇంకో మాస్కు తెస్తారు. మొహాన్ని మార్చుకోమనరు.

మన దగ్గర ఎంతమంది నర్సులు ఈ పరీక్ష పేరు విన్నారో మీరే అడిగి చూడండి. మా పెద్దమ్మ కూతురు స్టాఫ్ నర్సు. 2020లో కోవిడ్ వార్డులో పనిచేసింది. ఏ ఆసుపత్రి అన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే ఈ కథ ఏ ఊరి నర్సు చెప్పినా ఇలాగే ఉంటుంది. వాళ్ళకి వచ్చిన పెట్టెల్లో మాస్కులన్నీ ఒకటే సైజు. ఆమె మొహానికి పెద్దవి. బుగ్గల దగ్గర గాలి ఆడుతోందని చెప్తే, ‘తాళ్ళు గట్టిగా లాక్కో సిస్టర్, కాస్త సర్దుకో’ అన్నారు. సర్దుకుంది. తాళ్ళు బిగించి బిగించి ముక్కు దూలం మీద చర్మం ఊడి పుండు పడింది. పుండు మీద ప్లాస్టరు వేసుకుంది. ప్లాస్టరు వల్ల అంచు లేచి మళ్ళీ సందు పడింది. ‘నొప్పయితే భరించాను గానీ చెల్లీ, నొప్పి పడీ రక్షణ లేదని తెలిసి కడుపు మండిపోయింది’ అని ఇప్పటికీ అంటుంది.

ఆ మాట దగ్గర కాస్త ఆగాలి. మాస్కు సుఖంగా ఉంటే రక్షణ తక్కువనీ, రక్షణ కావాలంటే నొప్పి ఓర్చుకోవాలనీ ఒక నమ్మకం ఉంది. అది అబద్ధం. మొహం ఆకారానికి సరిపోయిన మాస్కు తక్కువ బిగువుతోనే అతుకుతుంది. సరిపోని మాస్కునే బిగించాల్సి వస్తుంది. బిగిస్తే ఎముక ఉన్నచోట కోస్తుంది, పల్లం ఉన్నచోట ఖాళీ అలాగే ఉంటుంది. అంటే నొప్పీ లీకూ ఒకే తప్పుకి రెండు గుర్తులు. స్త్రీల ఓర్పుని పొగిడే సమాజానికి ఈ చిన్న భౌతిక సత్యం ఎక్కదు. ఓర్చుకోవడం ఇక్కడ సుగుణం కాదు, జబ్బు తెచ్చుకునే దారి.

సరే, ఆది ఎవరిది? మాస్కులు రకరకాల మొహాలకు పడుతున్నాయో లేదో చూడటానికి 1970లలో అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాల ఒక నమూనా బృందాన్ని రూపొందించింది. ఎలాంటి మొహాలు ఎన్ని ఉండాలో లెక్క కట్టడానికి వాళ్ళు తీసుకున్నవి 1967, 1968లలో అమెరికా వైమానిక దళం తన సిబ్బందికి తీసిన కొలతలు. ఆ సిబ్బందిలో స్త్రీలు అసలు లేరని కాదు. ఉన్నారు. కానీ వాళ్ళు కూడా సైన్యం తన ప్రమాణాలతో ఏరుకున్నవాళ్ళే. ఆ సైనికుల కొలతలే దశాబ్దాల పాటు గనిలో, కర్మాగారంలో, ఆసుపత్రిలో పనిచేసే అందరి మొహాలకీ ఆది అయి కూర్చున్నాయి. 2003లో నియోష్ 3,997 మందిని కొత్తగా కొలిచింది. పాత బృందం లెక్కలో 15 శాతానికి పైగా కార్మికులు అసలు పట్టనే లేదని తేలింది. కొత్త కొలతలతో కొత్త బృందం వచ్చింది 2007లో. అంటే సొంత దేశపు కార్మికుల మొహాలు మారాయని ఒప్పుకోవడానికే అమెరికాకి ముప్పై ఏళ్ళు పైన పట్టింది. ఆ లెక్కలో మా పెద్దమ్మ కూతురి మొహం ఎక్కడుంటుంది?

యూరప్ ప్రమాణం ఇంకా తమాషా. ఈఎన్ 149 అనే ఆ పత్రం ప్రకారం లీకేజీ పరీక్షకి 10 మంది కావాలి. వాళ్ళు శుభ్రంగా క్షవరం చేసుకుని, గడ్డాలూ చెంపల మీద జుట్టూ లేకుండా రావాలి. అంచు కింద వెంట్రుకలుంటే మాస్కు అతకదు, కాబట్టి నియమంలో శాస్త్రం ఉంది, కాదనను. కానీ ఆ వాక్యం రాసేటప్పుడు రాసినవారి కళ్ళముందు ఎవరి మొహం ఉందో చెప్పడానికి డాక్టరేటు అక్కర్లేదు. సాహిత్యంలో ఇలాంటివి మేం రోజూ చూస్తాం. ‘మనిషి’ అని రాసి మగవాణ్ణి ఊహించుకునే వాక్యాలు. మన దేశపు ప్రమాణం ఐఎస్ 9473 కూడా అదే ఎఫ్‌ఎఫ్‌పీ1, ఎఫ్‌ఎఫ్‌పీ2, ఎఫ్‌ఎఫ్‌పీ3 తరగతుల్ని వాడుతుంది. తరగతులు దిగుమతి చేసుకున్నాం. మన మొహాల కొలత ఎవరు తీశారు?

బ్రిటిష్ రచయిత్రి కారోలిన్ క్రియాడో పెరెజ్ 2019లో తన ‘ఇన్విజిబుల్ విమెన్’ పుస్తకంలో, రక్షణ పరికరాలు యూరప్, అమెరికా మగవాళ్ళ ఒడ్డూపొడుగుల్ని బట్టి తయారవుతున్నాయని రాసింది. ఏడాది తిరక్కుండానే కోవిడ్ వచ్చి ప్రపంచమంతా ఆ సంగతి రుజువు చేసింది. ఫిట్ టెస్టుల మీద వచ్చిన పరిశోధనల్ని 2021లో సమీక్షించినవారు చెప్పిందీ అదే. తొలి ప్రయత్నంలో నెగ్గినవారిలో స్త్రీల శాతం పురుషుల కంటే తక్కువ, ఆసియా స్త్రీలలో మరీ తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్య, సామాజిక సేవల్లో పనిచేసేవాళ్ళలో దాదాపు 70 శాతం స్త్రీలు. ఎక్కువగా వాడేది ఎవరో, తక్కువగా పట్టేది వాళ్ళకే. దీన్ని యాదృచ్ఛికం అంటే ఎలా నమ్మమంటారు?

ఇందులో మరో చేదు కూడా ఉంది. గిన్నెలా ఒక ఆకారంలో నిలిచే మాస్కు చరిత్ర వెతికితే ఒక స్త్రీ కనిపిస్తుంది. సారా లిటిల్ టర్న్‌బుల్. ఇళ్ళ అలంకరణ పత్రికలో సంపాదకురాలిగా పనిచేసి, 1950ల చివర్లో త్రీఎం కంపెనీకి డిజైన్ సలహాదారుగా వెళ్ళింది. నేయకుండా అచ్చుపోసే గుడ్డ అప్పటికి ఆ కంపెనీ దగ్గర కానుకల రిబ్బన్లకి పనికొస్తోంది. ఆమె దాన్ని బ్రా కప్పుగా మలచవచ్చంది. అదే కాలంలో జబ్బుపడ్డ తనవాళ్ళ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ, డాక్టర్లూ నర్సులూ మాస్కు తాళ్ళతో పడే అవస్థ చూసింది. బ్రా కప్పు ఆకారం మాస్కుగా మారింది. 1960ల మొదట్లో అలాంటి మాస్కు బజారుకి వచ్చింది. క్రిముల్ని ఆపలేకపోవడంతో దాన్ని దుమ్ము మాస్కుగా అమ్మారు. తర్వాత మెరుగుపడి 1972లో అమెరికా ప్రభుత్వ ఆమోదం పొందిన కంపెనీ మాస్కుకి మూలరూపం ఇదేనంటారు.

అంటే చూడండి. బ్రా దుకాణంలో ఒక సైజు అందరికీ పడుతుందని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చుట్టుకొలత ఒక అంకె, కప్పు ఒక అక్షరం. ఆ వస్తువు కడుపులోంచి పుట్టిన మాస్కు మాత్రం ‘ఫ్రీ సైజు’ అయిపోయింది. నైటీల దుకాణంలో ఫ్రీ సైజు అంటే ఏమిటో మనకి తెలుసు. అందరికీ సరిపోయేది కాదు, ఎవరి కొలతా అడగనిది.

నేను ఈ గొడవలోకి కోవిడ్ కంటే ముందే వచ్చాను. నా పరిశోధన పాత స్త్రీల పత్రికల మీద. ‘హిందూసుందరి’, ‘గృహలక్ష్మి’ సంచికల కోసం ఏళ్ళ తరబడి గ్రంథాలయాల్లో కూర్చున్నాను. పొడిపొడిగా రాలే కాగితం, బూజు, పురుగుమందు పొడి. వాటితో పాటు నాకు ఆస్తమా. ఒక గ్రంథాలయంలో, మాస్కు పట్టడం లేదు, చిన్న సైజు తెప్పిస్తారా అని అడిగితే, అక్కడి అధికారి నవ్వి, ‘అమ్మాయ్, మీ ఆడవాళ్ళకి చున్నీలున్నాయి కదా, చుట్టుకోండి’ అన్నాడు. వంద ఏళ్ళ కిందటి పత్రికల్లో స్త్రీలకి ఆరోగ్యం గురించి ఇచ్చిన సలహాలు చదువుతూ కూర్చున్న నాకు ఆ గొంతు కొత్తగా అనిపించలేదు. సమస్య నీది, పరిష్కారం నీ బీరువాలోనే ఉంది, ఖర్చు మాత్రం మాది కాదు!

ఇక్కడే ‘సర్దుకోవడం’ అనే మాటని గట్టిగా పట్టుకోవాలి. అత్తింట్లో సర్దుకో, బస్సులో సర్దుకో, ఆఫీసులో సర్దుకో. ఇప్పుడు మొహాన్నీ సర్దుకో. ఈ క్రియకి కర్త ఎప్పుడూ స్త్రీయే. వస్తువు ఎప్పుడూ సర్దుకోదు. వ్యవస్థ అసలే సర్దుకోదు. అంచు అతుక్కునేలా చేసుకునే కిటుకులన్నీ ఈ భాషలోనే మనకి చేరుతున్నాయి, ఇంటి చిట్కాల్లాగా, వంటింటి కిటుకుల్లాగా.

అయితే కిటుకులు తెలుసుకోవద్దని నేననను. రేపటి హక్కు కోసం ఇవాళ్టి ఊపిరి ఆపుకోలేం కదా. అందుకే తెలిసినంత చెప్తాను. చెవుల తాళ్ళ మాస్కు కంటే తల వెనక్కి పోయే రెండు పట్టీల మాస్కు మేలు. పై పట్టీ నడినెత్తికి కాస్త వెనక్కి, కింది పట్టీ చెవుల కింద మెడ మీదికి రావాలి. కొప్పో, ఎత్తుగా వేసిన జడో ఉంటే పై పట్టీ జారుతుంది, నూనె రాసిన జుట్టయితే ఇంకా జారుతుంది. జుట్టు కిందికి కట్టుకుంటే మేలు. ముక్కు మీది లోహపు పట్టీని ఒక చేత్తో గిల్లితే మధ్యలో కోసుగా లేచి రెండు పక్కలా సందు పడుతుంది. రెండు చేతుల వేళ్ళతో మధ్యనుంచి పక్కలకి నొక్కుకుంటూ పోవాలి. ముక్కుపుడక గానీ, చెంపస్వరాలు గానీ అంచు కిందికి రాకూడదు. ఆ తర్వాత రెండు చేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా ఊపిరి వదలాలి, తీయాలి. కళ్ళకి గాలి తగిలినా, కళ్ళజోడు మసకబారినా ముక్కు దగ్గర లీకు. మామూలు సర్జికల్ మాస్కే గతి అయితే, చెవి తాడు మాస్కుకి కలిసేచోట చిన్న ముడివేసి, పక్కన లేచిన మడతని లోపలికి దోపితే బుగ్గల దగ్గర సందు బాగా తగ్గుతుంది. దానిమీద బిగువైన గుడ్డ మాస్కు పెట్టుకోవడం మరో దారి.

ఇవన్నీ పనికొస్తాయి. కానీ చిన్న సైజు మాస్కు చేసే పనిని ఏ కిటుకూ చేయలేదు. పట్టని చెప్పులో దూది కూరుకుని నడవవచ్చు. నడిచాం కదా అని చెప్పు సరైనదైపోదు.

ఇదంతా చదువుకున్న ఆడవాళ్ళ గొడవ అనుకునేవాళ్ళు గుంటూరు మిర్చి తొడిమలు తీసేచోటికి వెళ్ళి చూడాలి. ఘాటుకి పక్కన నిలబడ్డవాళ్ళకే దగ్గు ఆగదు. అక్కడ రోజంతా కూర్చునే స్త్రీల మొహానికి ఉండేది చీర కొంగో, తువ్వాలో. పొగాకు గ్రేడింగు చేసే స్త్రీలు, తెల్లవారకముందే హైదరాబాద్ రోడ్లు ఊడ్చే స్త్రీలు, ఊళ్ళల్లో గడపగడపకీ తిరిగే ఆశా కార్యకర్తలు. వీళ్ళ దాకా వచ్చేసరికి సైజు ప్రశ్న కూడా కాదు, అసలు మాస్కు ఉందా అన్న ప్రశ్నే. 2020లో చున్నీలు కట్టుకుని కోవిడ్ సర్వేలు చేసిన ఆశాలకి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చింది. సంతోషం. కానీ కాగితాల్లో వాళ్ళింకా ‘స్వచ్ఛంద’ కార్యకర్తలే. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళకి యజమాని ఉండడు, యజమాని లేనప్పుడు ఫిట్ టెస్టు చేయించే బాధ్యతా ఎవరికీ ఉండదు. అందుకే మాస్కు అంచు దగ్గరి సందు కార్మిక చట్టంలోని సందు కూడా.

2020 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచుతామంది. కుట్టే పని స్వయం సహాయక సంఘాల స్త్రీలకి అప్పజెప్పింది. జాకెట్టుకి ఎక్కడ టక్కు వేస్తే ఒంటికి పడుతుందో చూపుతోనే చెప్పగలిగిన చేతులవి. ఆ చేతులకి కుట్టే పని అప్పజెప్పేవాళ్ళకి, మొహాలన్నీ ఒకటి కావు కదా, ఏమేం సైజులు కుడదాం అని ఆ స్త్రీలనే అడగాలని ఎందుకు తోచదు? స్త్రీల శ్రమ కావాలి, స్త్రీల జ్ఞానం అక్కర్లేదు.

నాకు వచ్చే అభ్యంతరాలు తెలుసు. కోవిడ్ ఎప్పుడో అయిపోయింది కదా అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మేలో అత్యవసర పరిస్థితిని ఎత్తేసిన మాట నిజమే. క్షయ ఎక్కడికీ పోలేదు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. ఆ వార్డుల్లో నర్సులు రోజూ ఊపిరి పీలుస్తున్నారు. మిర్చి ఘాటూ, పొగాకు ధూళీ మహమ్మారి కోసం ఆగలేదు. మగవాళ్ళకీ సన్నమొహాలుంటాయి కదా అంటారు. ఉంటాయి, వాళ్ళకీ సైజు కావాలి. స్త్రీలు అడిగి సాధించిన మరుగుదొడ్డీ, పనిగంటలూ మగవాళ్ళకి పనికిరాకుండా పోయాయా? పేద దేశం, ఇన్ని సైజులంటే ఖర్చంటారు. లీకయ్యే మాస్కు కొనడమే అన్నిటికంటే దండగ ఖర్చు. బట్టల సైజుల కోసం 25 వేల మందిని యంత్రాలతో కొలిచే సర్వే ఈ దేశం తలపెట్టింది, అందులో హైదరాబాద్ కూడా ఉంది. చొక్కాలు అమ్మడానికి ఒళ్ళు కొలవగలిగిన దేశం ఊపిరి కోసం మొహాలు కొలవలేదా?

ఇక ‘ఇది కూడా స్త్రీవాదమేనా’ అనే మిత్రులకి ఒక మాట. శరీరం గురించి మనం చాలా రాశాం. ప్రసవం గురించి, రుతుస్రావం గురించి, కోరిక గురించి రాశాం. దుమ్ములో పనిచేసే స్త్రీ ఊపిరితిత్తుల గురించి రాసింది తక్కువ. ఊపిరి కంటే శరీరానికి దగ్గరైన రాజకీయం ఇంకేముంది?

అడగాల్సినవి ఎక్కువేం లేవు. మాస్కు తప్పనిసరి అయిన ప్రతి పనిచోటా కనీసం మూడు సైజులుండాలి. ఏడాదికోసారి యజమాని ఖర్చుతో ఫిట్ టెస్టు జరగాలి, అందులో ఆశాలూ పారిశుధ్య కార్మికులూ ఉండాలి. మన ప్రాంతాల స్త్రీల, పురుషుల మొహాల కొలతలు తీసి, వాటి మీద పరీక్షించిన మాస్కులే ప్రభుత్వం కొనాలి. నర్సుల సంఘాలు, ఆశాల యూనియన్లు తమ కోర్కెల పత్రంలో జీతం పక్కన ఈ వాక్యాన్ని చేర్చాలి.

అప్పటిదాకా, ఈసారి ఎవరైనా ‘మీ మొహం చిన్నదమ్మా’ అంటే తల ఊపకండి. మాస్కు తీసి బల్లమీద పెట్టి, దీనికి ఎవరి మొహం ఆదిగా తీసుకున్నారో చెప్పమని అడగండి.